కాజాలక్క

కాజాలక్క పోయిందని నాకు చెప్పిన మనిషి ఆమెకు ఏమీ కాడు. దారపు రీళ్ళు, గుండీల పెట్టెలు మోటారు సైకిలుకు కట్టుకుని మానుకోట నుంచి జనగామ దాకా దర్జీ దుకాణాలకు వేసి పోతుంటాడు. రీళ్ళు బల్ల మీదకు దించుతూ మధ్యలో ఆగి, "మీ కాజాలక్క లేదంట గదన్నా. నర్సింహులపేట దిక్కు తండాల. దినాలు గూడ అయిపోయినయట" అన్నాడు. ఆ వెంటనే తెల్లదారం ఎన్ని రీళ్ళు కావాలని అడిగాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే తెలియదు. దుకాణంలో తెల్లదారం అయిపోయి అప్పటికి రెండు రోజులైంది.

మా సందు జనగామ స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి దిగుతుంది. ఆ రోజుల్లో అందులో ఆరుగురం దర్జీలం ఉండేవాళ్ళం. ఆరుగురికీ గుండీలు దూరే కాజాలు కుట్టేది ఆమె ఒక్కతే. మేము గుడ్డ కత్తిరించి, అంగి కుట్టి, కాలర్ ఎక్కించి పంపితే, ఆమె తన మిషన్ మీద కాజాలు కుట్టి, కోసి, గుండీలు వేసి తిరిగి పంపేది. నా దుకాణానికీ పక్క దుకాణానికీ మధ్య ఒక మంచం పట్టేంత చోటు ఉండేది. పైన రేకు, ముందు చిన్న షట్టర్, లోపల నల్లటి పాత మిషన్, ఒక పీట, గోడ నిండా మేకులు, మేకులకు అంగీలు. అంతే ఆమె దుకాణం. తండా నుంచి వచ్చిన మనిషి. మాతో తెలుగులో మాట్లాడేది. మిషన్‌తో మాత్రం తన ఇంటి భాషలో మాట్లాడేది. దారం తెగినప్పుడల్లా దానితో చాలాసేపు ఏదో చెప్పేది.

"ఏం తిడుతున్నవక్కా దాన్ని?" అని ఒకసారి అడిగాను.

"తిడుతలేను, బతిమాలుతున్న. మీ దేవుణ్ణి మీరు గింత బతిమాలరు" అంది.

నన్ను ఆమె పాటలన్న అనేది. గుడ్డ కత్తిరిస్తూ నేను మా చర్చి సంఘంలో పాడే పాటలు గొంతులో పాడుకుంటూ ఉంటాను. పొద్దున మొదటి గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాను. మా నాయిన నేర్పిన అలవాటు అది. ఇప్పటికీ తప్పలేదు. ఆ సమయానికే ఆమె అంగీల మూట చంకలో పెట్టుకుని గడపలో నిలబడేది. నేను కళ్ళు తెరిచేదాకా కదిలేది కాదు. తెరవగానే, "ఆమేన్ అన్నవా? అయితె గీ గుండీల పట్టీ జూడు, ఎంత వంకర కుట్టినవో" అనేది.

ఆమె పని చేస్తుంటే చూడాలి. అంగి అందుకోగానే ముందు పట్టీ మీద ఒకసారి గట్టిగా ఊదేది. టేపు వాడేది కాదు. బొటనవేలి కణుపుతో కొలిచి, అరిగిపోయిన సబ్బు ముక్కతో సన్నటి గీతలు గీసేది. కాలర్ దగ్గరి కాజా అడ్డంగా, తక్కినవన్నీ నిలువుగా. మిషన్ సూది కుడికీ ఎడమకీ ఊగుతూ ఒక వరుస కిందికి, ఒక వరుస పైకి కుట్టుకుంటూ వచ్చేది. రెండు కొసల్లో నాలుగైదు గట్టి కుట్లు పడేవి. ఆ కుట్ల మీద చెరొక గుండుసూది గుచ్చి, అప్పుడు బ్లేడు ముక్కతో మధ్యలో కోసేది. బ్లేడు జారినా గుండుసూది దగ్గర ఆగిపోతుంది. కోసేటప్పుడు మాత్రం ఎవరితోనూ మాట్లాడేది కాదు. మధ్యలో పలకరిస్తే, "ఆగు. కుట్టు తప్పితె ఇప్పుత. కోసినంక ఏం జేస్త? గుడ్డ పుండయితది" అని కసిరేది.

గుండీలు వేసేటప్పుడు వేరే తీరు. గుడ్డను ముందుకు జరిపే మిషన్ కింది పళ్ళు దించి, గుడ్డ కదలకుండా చేసుకునేది. మోటారు మీద కాలు పెట్టకుండా ముందు చక్రాన్ని చేత్తో రెండుసార్లు తిప్పి, సూది గుండీ కన్నాల్లోకే దిగుతోందా లేదా చూసుకునేది. "సూదికి తొవ్వ సూపియ్యాలె, లేకుంటె గుండీని పగలగొడ్తది" అనేది. గుండీ మీద ఒక అగ్గిపుల్ల అడ్డం పెట్టి, దాని మీదుగా కుట్టేది. తర్వాత పుల్ల లాగేస్తే గుండీకీ గుడ్డకీ మధ్య కాస్త దారం మిగిలేది. దాని చుట్టూ నాలుగు చుట్లు తిప్పి ముడి వేసేది. ఆ జాగాను మెడ అనేది. మెడ లేని గుండీ గుడ్డను పీక్కుతింటుందని ఆమె లెక్క. మిగతా పట్నంలో అంత ఓపిక ఎవరికీ లేదు.

అంగి ఎవరిదో తెలియకుండా ఆమె పని మొదలుపెట్టేది కాదు. "ఎవలిది? బక్కోడా, బొజ్జోడా? ముసలోడా?" అని అడిగేది. మాకు విసుగొచ్చేది. ఒక ముసలాయన అంగికి కాజాలు మామూలు కన్నా పెద్దవిగా కోసింది. ఆయన కొడుకు వచ్చి నా మీద అరిచి పోయాడు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి గొంతు తగ్గించుకుని మాట్లాడాడు. చేతులు వణికే వాళ్ళ నాయిన రెండేళ్ళ తర్వాత తన గుండీలు తానే పెట్టుకున్నాడట. ముసలాయన సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణకడం కాజాలక్క ఎప్పుడో పోస్టాఫీసులో చూసింది. నాకు చెప్పనైనా చెప్పలేదు.

నోరు మాత్రం మంచిది కాదు. మా సందులో ఒక దర్జీ పరధ్యానంలో మగవాళ్ళ అంగికి గుండీల పట్టీ ఆడవాళ్ళ దిక్కు పెట్టి కుట్టాడు. ఆమె ఆ అంగిని రెండు చేతులతో ఎత్తిపట్టుకుని సందంతా తిరిగి, "పెండ్లి పిలగానిదట! రైక గూడ కుట్టియ్యిండ్రి, జత కలుస్తది" అని అందరికీ చూపించింది. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి, "గుండీలేంటమ్మా, బొత్తాలు అనాలి" అని నవ్వితే, తల ఎత్తకుండానే, "అట్లంటె ఊడకుంట ఉంటయా సారూ?" అంది.

ఆమెను నేను ఎన్నోసార్లు సంఘానికి రమ్మన్నాను. ఆదివారం మిషన్‌కు నూనె వేసుకోవాలనేది. ఒక్క క్రిస్మస్‌కు వచ్చింది. వెనక వరుసలో, ఆడవాళ్ళ వైపు, చాప అంచున కూర్చుంది. ఆరాధన అయ్యాక ఎంతో ఆశతో, "ఎట్లున్నదక్కా వాక్యం?" అని అడిగాను.

"మీ అయ్యగారి ఎడమ చేతి గుండీ ఊగుతున్నదన్నా. ఎప్పుడు రాలుతదో, ఎప్పుడు రాలుతదో అని గదే జూసిన. ఒక్క మాట ఇనలే" అంది.

మరునాడు మా పాస్టరుగారి అంగి అడిగి తెప్పించుకుని ఆ గుండీ గట్టిగా వేసి పంపింది. నేను ఆ రోజు మనసులో అనుకున్నాను, ఈమెకు వాక్యం ఎక్కదు అని. ఆ మాట నేను అనుకున్నది దేవుడు విన్నాడు.

అవి తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజులు. వారంలో ఎన్ని రోజులు షట్టర్ ఎత్తుతామో, ఎన్ని రోజులు దించుతామో తెలిసేది కాదు. రోడ్డు మీద వంటలు వండుకుని తినేవాళ్ళం. పట్టాల మీద కూర్చునేవాళ్ళం. నేనూ కూర్చున్నాను. సందులోకి పాటలు వచ్చేవి, డప్పులు వచ్చేవి. ఆ పాటల మధ్యలో చనిపోయిన పిల్లల పేర్లు మైకులో చదివేవారు. ఆ పేర్లు చదువుతున్నంతసేపూ ఆమె మిషన్ ఆపేది.

మా సంఘంలో ఒక విధవరాలు ఉండేది. ఊరు జఫర్‌గఢ్. మొగుడు పోయాక కొడుకును తీసుకుని జనగామ వచ్చి, ఒక హాస్టల్‌లో వంట చేసేది. కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. క్రిస్మస్‌కు అంగి కుట్టమని ఆమె నాకు గుడ్డ ఇచ్చింది, లేత నీలం రంగుది. నేను కుట్టి, కాజాలు లేకుండానే మేకుకు తగిలించాను. బందుల వల్ల పని పేరుకుపోయి ఉంది.

ఆ పిల్లవాడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. తెలంగాణ రాదేమోనన్న దిగులుతోనే అని అందరూ అన్నారు. వాళ్ళమ్మ ఏమీ అనలేదు. ఇన్నేళ్ళలో ఆమె నోటి వెంట కారణం ఒక్కసారి కూడా వినలేదు నేను.

మా సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. అట్లా పోయినవాళ్ళను మందిరంలోకి తీసుకురారు. సమాధి దగ్గర ప్రార్థన ఉండదు. సమాధుల తోట గోడకు ఇవతల కాదు, అవతల పాతిపెట్టాలి. ఆ సాయంత్రం సంఘ పెద్దలం నలుగురం అయ్యగారి ఇంట్లో కూర్చున్నాం. కట్టుబాటు ప్రకారమే చేద్దామా అని అయ్యగారు అడిగారు. నలుగురి చేతులూ లేచాయి. నాది మూడో చెయ్యి.

మరునాడు పొద్దున బందు. సందు ఖాళీగా ఉంది. వెనక తలుపు నుంచి దుకాణంలోకి వచ్చి కూర్చున్నాను గానీ చేతికి పని రాలేదు. తల్లి వచ్చింది. మేము ఏం తీర్మానించామో ఆమెకు అప్పటికే తెలుసు. ప్రార్థన గురించి అడుగుతుందేమోనని నేను జవాబు వెతుక్కుంటున్నాను. ఆమె అది అడగలేదు.

"అన్నా, మావోని అంగి అయ్యిందా? గది తొడిగి పంపుత" అంది.

పోయినవాళ్ళకు కొత్త అంగి తొడగడానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. వీపు మీద నిలువునా కోసి, ముందు నుంచి చేతులు దూర్చి, అంచులు వెనక్కి దోపేస్తారు. ముందు పట్టీలో నాలుగు కుట్లు వేస్తే సరి. ఎవరికీ కనబడదు. నేను అదే చెప్పాను.

"కాజాలు కాలేదమ్మా. బందు, కరెంటు గూడ లేదు. ఎనుక కోసి తొడుగుదం. ఎవలు జూస్తరు?"

తల్లి ఆ అంగి వంక చూస్తూ నిలబడింది. కత్తెర నా చేతిలోనే ఉంది.

పక్కనే కాజాలక్క ఉన్న సంగతి మాకు తెలియదు. ఆమె దుకాణానికీ నాదానికీ మధ్య గోడ రేకుదే. వెనక నుంచి వచ్చి, నా చేతిలోని కత్తెర పక్కకు పెట్టి, మేకు మీది అంగి తీసుకుంది. ముందు పట్టీ మీద ఊదింది.

"ఎవలిది చెల్లె? బక్కోడా?" అని తల్లిని అడిగింది.

"మావోనిదక్కా. బక్కగ ఉంటడు. చేతులు పొడుగు" అంది తల్లి. ఉండేవాడు అనలేదు.

ముగ్గురం ఆమె దుకాణంలోకి వెళ్ళాం. వెలుతురు కోసం షట్టర్ జానెడు లేపింది. మోటారు పెట్టించాక మిషన్ తొక్కుడు పట్టా ఎప్పుడో తీసేసింది. కరెంటు లేదు కనుక కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో గుడ్డ పట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. ఒక్కొక్క కుట్టూ టక్కు టక్కుమని వినబడేది. ఒక కాజాకు ఎన్ని కుట్లు పడతాయో అన్నేళ్ళలో నాకు ఆ రోజే తెలిసింది.

రెండో కాజా మీద ఉండగా బందు చేయించే పిల్లలు బయట కర్రతో షట్టర్ మీద కొట్టారు.

"ఎవల్రా లోపట? బందని తెల్వదా? దించుండ్రి పూర్తిగ!"

"దించే ఉన్నది గదరా, జానెడు తప్ప" అంది ఆమె, చక్రం ఆపకుండా. "మీ దోస్తు అంగి కుడుతున్న. ఇంకో జానెడు లేపుండ్రి, కానొస్తలేదు."

షట్టర్ నడుము దాకా లేచింది. నాలుగు జతల కాళ్ళు అక్కడే వెలుతురుకు అడ్డం రాకుండా పక్కకు జరిగి నిలబడ్డాయి. ఆ తర్వాత ఇంకెవరో అరుచుకుంటూ వస్తే, "పోండ్రి, గిక్కడ పని ఉన్నది" అని వాళ్ళే పంపేశారు.

ఏడు కాజాలు కుట్టడం అయింది. ఆమె గుండుసూదులు గుచ్చుతుంటే నాకు తోచింది చెప్పాను. ఇప్పటికీ ఆ మాట నా నోటి నుంచి వచ్చిందంటే సిగ్గుగా ఉంటుంది.

"కోసుడెందుకక్కా? కుట్టు కానొస్తె సాలు. పైన గుండీ ఏసెయ్యి, జల్ది అయితది. ఎట్లాగు ఇప్పేది లేదు గదా."

ఆమె నా వంక చూసింది. నా దగ్గర అంత మెల్లగా ఎన్నడూ మాట్లాడలేదు.

"పాటలన్నా, ఒక్కటి అడుగుత. సమాధులల్లకెళ్ళి లేస్తరని నువ్వు దినాం పాడుతవ్ గదా. నేను గోడ అవతల ఇనుకుంట కుడుత. లేచినోడు అంగి ఇప్పుకోవద్దా? కాళ్ళు చేతులు కడుక్కోవద్దా? లేకుంటె గీ పిలగాడు లేవడా? మీవోళ్ళు వద్దన్నరా?"

తల్లి తల ఎత్తి నా వంక చూసింది. ముందురోజు సాయంత్రం ఎత్తిన చెయ్యి నా ఒళ్ళో ఉంది. పందొమ్మిదో ఏట బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఆ వాక్యాన్ని చెబుతున్నాను. పెద్దలకు చెప్పాను, పిల్లలకు చెప్పాను, ఎందరి సమాధుల మీదో చెప్పాను. ఎన్నడూ ఎవరూ నన్ను ఇట్లా నిజమా అని అడగలేదు. ఆ తల్లికి ఆ రోజు కావలసింది అది ఒక్కటే. అది అడిగే ధైర్యం ఆమెకు లేక, అంగి అడిగింది.

"లేస్తడు" అన్నాను.

"అయితె బ్లేడియ్యి" అంది కాజాలక్క.

బల్ల మీది బ్లేడు ముక్క తీసి ఇచ్చాను. ఏడూ కోసింది. ఒక్కటి కూడా జారలేదు. అగ్గిపుల్ల పెట్టి, మెడలు ఉంచి, ఏడు గుండీలూ చక్రం తిప్పుతూ వేసింది. చేతుల దగ్గరి రెండింటికీ అట్లాగే కాజాలు కుట్టి, కోసి, గుండీలు వేసింది. కొసలు పంటితో తెంపి, దులిపి, అంగిని తల్లికి కాకుండా నాకు ఇచ్చింది. "నువ్వే తొడుగు. దర్జీవి గదా" అంది.

నేనే తొడిగాను. వీపు కోయకుండా, పిల్లవాణ్ణి పట్టుకుని లేపి, ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి. ఆ షట్టర్ దగ్గర నిలబడ్డ పిల్లలే సాయం పట్టారు. కింద నుంచి గుండీలు పెట్టుకుంటూ వచ్చాను. మెడ దగ్గరిది పెట్టబోతుంటే తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"గది వాడు ఎన్నడు పెట్టుకోడన్నా" అంది. వదిలేశాను.

సమాధుల తోట గోడకు అవతల తుమ్మచెట్ల మధ్య గుంట తవ్వారు. అయ్యగారు రాలేదు. పెద్దలు రాలేదు. మట్టి వేయబోతుండగా నేను తలకు చుట్టిన తువ్వాలు తీసి నిలబడ్డాను. ఏం ప్రార్థించానో నాకు గుర్తు లేదు. పిల్లవాడి పేరు చెప్పి మొదలుపెట్టాను. ఆ పేరు గట్టిగా చెప్పాను. సంఘం నన్ను పెద్దరికం నుంచి తప్పించింది. అది న్యాయమే. కట్టుబాటుకు చెయ్యి ఎత్తినవాణ్ణి నేనే, తప్పినవాణ్ణీ నేనే. దేవుని ముందు ఈ రెంటిలో దేనికి ఎక్కువ జవాబు చెప్పుకోవాలో నాకు తెలుసు.

మరునాడు కాజాలక్క దగ్గరికి వెళ్ళాను. ప్రార్థన చేశావా అని అడగలేదు ఆమె.

"గుండీలు మంచిగ పట్టినయా?" అంది.

"పట్టినయక్కా. మెడకాడిది మటుకు పెట్టలే. వాడు పెట్టుకోడని వాళ్ళమ్మ చెప్పింది."

"పెట్టుకుంటడో పెట్టుకోడో గది వాని ఇష్టం. కోసుడు మన పని" అని, మేకు మీది ఇంకో అంగి అందుకుంది.

రాష్ట్రం వచ్చిన రోజు సందంతా రంగులు చల్లుకున్నాం. ఆమె మాత్రం షట్టర్ దించుకుని కూర్చుంది. అంగీల మీద రంగు పడితే పోదని చెప్పింది. తర్వాత రెడీమేడ్ అంగీలు దుకాణాలకు దిగాయి. ఆరుగురం దర్జీలం ఇద్దరమయ్యాం. ఇద్దరి కాజాలతో ఆమెకు గడవదు. మిషన్ ఆటోలో వేసుకుని కూతురి దగ్గరికి తండాకు వెళ్ళిపోయింది. మానుకోట దవాఖానలో ఒకసారి కనబడింది. పక్కమంచం మీది మనిషి అంగి వంక చూస్తూ పడుకుని ఉంది. "మెడ లేకుంట ఏసిండ్రు జూడు" అని నాకు చూపించింది. ఆ తర్వాత చూడలేదు.

మొన్న ఆదివారం మా సంఘంలో సాక్ష్యాలు చెప్పే వేళ నేను లేచాను. పెద్దరికం పోయాక సాక్ష్యం చెప్పడం మానేశాను, అందుకని అందరూ ఇటు తిరిగారు. దేవుడు నాకు ఒక మనిషి చేత వాక్యం చెప్పించాడనీ, ఆమె ఇక లేదనీ, ఆమె కోసం కృతజ్ఞత చెల్లించడానికి లేచాననీ చెప్పాను. కొత్తగా పెద్ద అయిన ఒకాయన, మంచివాడే, "ఎవలన్నా ఆమె? మన సంఘమేనా?" అని అడిగాడు.

ఆడవాళ్ళ వైపు, వెనక వరుసలో, గోడ పట్టుకుని ఒక ముసలామె మెల్లగా లేచింది. ఇన్నేళ్ళలో ఆమె సంఘంలో నోరు విప్పడం ఎవరమూ వినలేదు.

"నా కొడుకు అంగికి కాజాలు కోసిన తల్లి" అంది.

ఆ మాట చెప్పి, చీర కొంగు సర్దుకుని, మళ్ళీ కూర్చుంది.